గరాజుకు ఎంత వేడి కావాలి

రేజాన్‌కు నడుం పట్టేసి, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి కట్టెలు చీల్చడం డాక్టరు మాన్పించాక హీట్ పంప్ పెట్టించుకోక తప్పలేదు. కెనడాలో మదవాస్కా నది ఒడ్డున మా ఊళ్లో ఇప్పుడు సగం ఇళ్లకు అవే. ఏసీలాగే గోడకు లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె. చలికాలం వేడిగాలి, వేసవిలో చల్లగాలి. రేజాన్‌ది చిన్న ఇల్లు, పక్కనే విడిగా గరాజు. రెండింటికీ ఏ మిషన్లు సరిపోతాయో చూసి చెప్పమని, వాటిని బిగించే ఉల్రిక్‌ను పిలిచారు.

ఉల్రిక్ పనికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే వాళ్లావిడ చర్చిలో పాడుతుంది. అతను ఏ ఇంట్లో ఏం చూసొచ్చినా ఆదివారానికల్లా పాటలవాళ్లందరికీ తెలిసిపోతుంది. అందుకే రేజాన్ భార్య గిస్లేన్ పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. గరాజులో ఆమె అన్న నార్మన్ ఉంటున్నాడు మరి.

ఉంటున్నాడని ఆ ఇంట్లో ఎవరూ అనరు. గరాజులో బళ్లు బాగుచేస్తున్నాడంటారు. పనిచేసే రంపపు మిల్లు మూతపడి, పెళ్లాం వదిలేసి, ఇల్లు చేజారిన మనిషి. దుప్పుల వేట అయ్యేదాకా ఉంటానని వచ్చాడు. ఆ వేట అయిపోయి మళ్లీ వేట వచ్చింది, అదీ అయిపోయింది. ఊరంతటికీ తెలిసిన సంగతే. తెలియదనుకుంటున్నది వాళ్లు ముగ్గురే. తెలిసినా మేమెవరం అడగలేదు. అది మా మర్యాద అని చెప్పుకుంటాం గానీ, అడిగితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని భయం.

ఉల్రిక్ వచ్చే వేళకు నార్మన్ చేతనే మంచం కనపడకుండా సర్దించింది గిస్లేన్. అతను పరుపు మీద టార్పాలిన్ పట్టా కప్పాడు, పైన రెండు పనిముట్ల పెట్టెలు పెట్టాడు, గడ్డం గీసుకునే అద్దం తీసి కోటు జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు బావుందా చెల్లీ?" అని కూడా అడిగాడు. ఆమె బావుందంది. అన్నాక అతని మొహం చూడకుండా వంటింట్లోకి వచ్చేసింది.

ఉల్రిక్ వేడివేడి గోధుమరంగు ప్లోయ్ అట్లు వెన్న రాసుకుని తిన్నాడు, కాఫీ తాగాడు, వంటింటి గోడ చూసి ఇక్కడ ఒకటి బిగిస్తే ఇల్లంతా వెచ్చగా ఉంటుందన్నాడు. తర్వాత నలుగురూ గరాజులోకి వెళ్లారు. ఉల్రిక్ కొలతల టేపు ఒక కొస నార్మన్ పట్టుకున్నాడు.

"ఇక్కడ ఎంత వేడి కావాలి?" అని అడిగాడు ఉల్రిక్. "బళ్లూ రంగుడబ్బాలూ గడ్డకట్టకుండా ఉంటే చాలంటే ఎనిమిది డిగ్రీలు సరిపోతాయి. చిన్నది బిగిస్తాను. మనిషి ఉండేట్టయితే వేరే లెక్క. బయట మైనస్ ముప్ఫైలో కూడా ఆగకుండా నడిచేది వెయ్యాలి."

గిస్లేన్ మొగుడి వంక చూసింది. మొగుడు గోడ వంక చూశాడు.

"బళ్లకే" అన్నాడు రేజాన్.

"ఎనిమిదంటే బోలెడు" అన్నాడు నార్మన్. టేపు మాత్రం వదల్లేదు.

ఉల్రిక్ గుచ్చి అడగలేదు. తలుపు దగ్గరి గోడ వదిలేసి, మూలగా ఉన్న గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. అంత దూరం పెడితే బయటికి గొట్టం పొడుగు అవుతుంది కదా, ఇవతలి గోడకే పెట్టరాదా అని రేజాన్ నసిగాడు.

"ఇవతల పెడితే గాలి తిన్నగా ఆ పట్టా మీదికి కొడుతుంది" అన్నాడు ఉల్రిక్. "రాత్రంతా మొహం మీద కొడితే గొంతు ఎండిపోయి..." అని ఆగాడు. "బండికి మంచిది కాదులే."

మొహం మీద గాలి కొడుతుందని బండి గురించి ఎవరు బెంగపడతారు? తమ పరువు కోసం బయటివాడు కూడా అబద్ధం ఆడాల్సి వచ్చిందని గిస్లేన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ అన్నయ్య పరువు కాపాడుతున్నానని అనుకుంటూ వచ్చింది. కాపాడింది ఎవరి పరువో ఆ నిమిషంలో తెలిసొచ్చింది.

"ఆ పట్టా కింద ఉన్నది మంచం ఉల్రిక్" అంది. "మా అన్నయ్య ఇక్కడే పడుకుంటాడు. పెద్దదే వెయ్యి."

చెప్పేశాక గుండె తేలికపడుతుందనుకుంది. కాస్త గొప్పగా కూడా అనిపించిందేమో, మెడ నిటారుగా పెట్టింది. రేజాన్ చెవులు ఎర్రబడ్డాయి. నార్మన్ చేతిలోంచి టేపు జారి సర్రున ఉల్రిక్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఉల్రిక్ దాన్ని నింపాదిగా జేబులో పెట్టుకున్నాడు.

"అలాగైతే ఇక్కడ పెద్దది ఎందుకు?" అన్నాడు. "వంటింట్లో పెట్టేది మీ జూలీ గదికి కూడా సరిపోతుంది. తలుపు తెరిచి ఉంచితే చాలు."

దెప్పిపొడవాలని అన్నది కాదు. పని తెలిసినవాడు పని సంగతి చెప్పాడంతే. జూలీ వాళ్ల కూతురు, మాంక్టన్ పట్నంలో ఉద్యోగం. క్రిస్మస్‌కు వచ్చి నాలుగు రోజులు ఉంటుంది. మిగతా ఏడాదంతా ఆ గదిలో దుప్పటి మడత నలగదు.

"నాకు ఇక్కడే హాయి" అన్నాడు నార్మన్ గబగబా. "వెచ్చగా ఉంటే నాకు నిద్ర పట్టదు, మీకు తెలుసు కదా."

ఆ మాట రెండు చలికాలాల నుంచీ అంటున్నాడు. అన్నప్పుడల్లా భార్యాభర్తలిద్దరూ హమ్మయ్య అనుకుని తలాడించారు. ఇప్పుడు తలాడించడానికి గిస్లేన్‌కు మెడ కదల్లేదు. సామాను ఇవాళే ఇంట్లోకి తెచ్చుకోమంది. నార్మన్ కదల్లేదు, బావ వంక చూశాడు.

"రా బావా" అన్నాడు రేజాన్, నేల చూపులు చూస్తూ.

నార్మన్ పనిముట్ల పెట్టెలు కిందికి దించాడు. పట్టా తీసి నాలుగు మడతలు పెట్టాడు. దిండు చంకలో పెట్టుకుని, చెల్లెలి దగ్గరికి వచ్చి మెల్లిగా, ఉల్రిక్‌కు వినపడకుండా అడిగాడు.

"జూలీ వచ్చేదాకానేనా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎన్ని బట్టలు తెచ్చుకోవాలో తెలుసుకుందామని అడిగాడంతే.