వంకర పంటి గాటు

పళ్ల డాక్టరుకు క్లారినెట్ ఊదడం రాదు. ఊదడం మాట అటుంచండి, మొదట్లో దాని ఏ చివర నోట్లో పెట్టుకుంటారో కూడా తెలియదు. అయినా ఊళ్లో ఎవరైనా ఆ వాద్యం ఊసెత్తితే ముందు గుర్తొచ్చేది అతనే. ఒకప్పుడు ఏ ఇంట్లో రేడియో పెట్టినా వినిపించిన క్లారినెట్ విద్వాంసుడు, ఇప్పుడు కాలం చేసిన ఆ మహానుభావుడు, వాడిన క్లారినెట్ అతని ఇంట్లో గాజుపెట్టెలో ఉంది మరి. పన్నెండేళ్ల కిందట విద్వాంసుడి తమ్ముడి దగ్గర కొన్నాడు. "మా అన్నగారి ఇంట్లోదే, రికార్డుల్లో వినిపించేది ఇదే" అని ఆ తమ్ముడు సంతకం పెట్టిచ్చిన కాగితాన్ని ఫ్రేము కట్టించి పక్కనే గోడకు తగిలించాడు.

కింద ఆసుపత్రి, పైన ఇల్లు. పన్ను తీయించుకోవడానికి వచ్చినవాళ్లకు మత్తుమందు ఇచ్చాక, దవడ మొద్దుబారేలోగా ఊరికే కూర్చోబెట్టడం దేనికని పైకి తీసుకెళ్లి చూపించేవాడు. నోరు తిమ్మిరెక్కినవాళ్లు ఎదురు ప్రశ్నలు వెయ్యలేరు. అంత బుద్ధిమంతులైన శ్రోతలు ఏ ఉపన్యాసకుడికి దొరుకుతారు చెప్పండి?

పోనీ అందరిలా కొని దాచుకుని ఊరుకునే రకమా అంటే, అదీ కాదు. క్లారినెట్ పైకొసన నోట్లో పెట్టుకునే నల్లటి పీక ఒకటుంటుంది. ఊదేటప్పుడు పైపళ్లు దాని మీద ఆనుతాయి. ఏళ్ల తరబడి ఆనగా ఆనగా అక్కడ గాట్లు పడతాయి. ఈ పీక మీద రెండు గాట్లున్నాయి. ఒకటి తిన్నగా, రెండోది ఏటవాలుగా. ఇంకెవరైనా అయితే తుడిచి పక్కన పెట్టేవాళ్లు. పళ్ల డాక్టరు కాబట్టి భూతద్దం తెచ్చాడు. పైవరుసలో ఎడమ ముందుపన్ను వంకర తిరిగి ఉండేదని తేల్చాడు. ఆ వంకర సందులోంచి గాలి ఒక పిసరు జారేదని, విద్వాంసుడి నిదానపు పాటలు వింటే కళ్లు చెమర్చడానికి ఆ జారిన గాలే కారణమని సిద్ధాంతం కట్టాడు. ఫొటోల్లో విద్వాంసుడు ఎక్కడా పళ్లు కనిపించేలా నవ్వడు. అది వంకర పన్ను దాచుకోవడానికేనట. ఇదంతా ఇరవై పేజీల పుస్తకంగా అచ్చు వేయించి, పళ్ల డాక్టర్ల మహాసభలో బొమ్మలు చూపిస్తూ చదివాడు. చప్పట్లు మోగిపోయాయి.

ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేది అతని భార్యే. అచ్చుకు ముందు ఆ పుస్తకం చదివిపెట్టింది కూడా ఆవిడే.

"పేజీకి పది చొప్పున 'ఆయన'లు పడ్డాయండీ. ఆయన పన్ను, ఆయన పెదవి, ఆయన ఊపిరి. ఇన్నేళ్ల కాపరంలో నా పన్ను ఎటు తిరిగిందో చూశారా ఎప్పుడైనా?" అంది.

"నీ పళ్లకేం, లక్షణంగా ఉన్నాయి" అని డాక్టరు మాట దాటేశాడు. ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు.

ఇలా ఉండగా ఊళ్లోని సంగీత మందిరంవాళ్లు విద్వాంసుడి పేర ఒక గది కట్టారు. నడిమధ్య ఒక గాజుపెట్టె, ఆదివారం డాక్టరు ఇవ్వబోయే క్లారినెట్ కోసం. దాని కింద రాతిపలక. పలక మీది మాటలు డాక్టరే రాసిచ్చాడు. 'మహా విద్వాంసుని క్లారినెట్. పీకపై ఆయన పంటిగాట్లు చూడగలరు.' అడుగున దాత పేరు, డిగ్రీలతో సహా. ఆదివారం ప్రారంభోత్సవం. విద్వాంసుడి భార్య ముఖ్య అతిథి. డాక్టరుది ఉపన్యాసం. వారం రోజులుగా అతను అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతూ వల్లె వేసుకుంటున్నాడు.

బుధవారం పొద్దున ఒక పెద్దావిడ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేశాడు. ఎడమ ముందుపన్ను సగానికి విరిగింది. వేరు గట్టిగానే ఉంది గానీ మిగిలిన సగం లోపలికి తిరిగి ఉంది.

"క్యాప్ వేసేద్దామమ్మా. పనిలో పనిగా ఆ వంకర కూడా తీసేసి పక్కపన్నుకి సమంగా నిలబెడతాను" అన్నాడు.

"వద్దు నాయనా. ఎలా ఉండేదో అలాగే చెయ్యి. వంకర పోకూడదు."

డాక్టరు వృత్తిలోకొచ్చి ఇరవై ఆరేళ్లు. వంకర కావాలని అడిగిన మొదటి మనిషి ఆవిడే. సరేనని అచ్చు తీశాడు, ప్లాస్టరు పోశాడు, గట్టిపడ్డాక చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఈ పళ్లవరుస తనకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా గీసి చూపించగలడు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, గాజుపెట్టె తెరిచి, పీక ఊడదీసి పట్టుకొచ్చాడు. ప్లాస్టరు పళ్లను గాట్ల మీద ఆనించాడు. తిన్నగా ఉన్న గాటులో పక్కపన్ను టక్కున కూర్చుంది. ఏటవాలు గాటులో విరిగిన పన్ను మొదలు సరిగ్గా అదే కోణంలో నిలబడింది.

"మీరెవరమ్మా?" అన్నాడు.

"ఆదివారం మీ సభకి ముఖ్య అతిథినట. మీవాళ్లే పిలిచారు."

డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పెద్దావిడ నోరు పుక్కిలించి, రుమాలుతో తుడుచుకుని, నింపాదిగా చెప్పుకొచ్చింది.

"ఆయనకి పళ్లు జివ్వుమనేవి నాయనా. చల్లనీళ్లు కూడా తాగలేకపోయేవారు. పీక మీద రబ్బరు ముక్క అంటించుకుంటే గానీ ఊదేవారు కాదు. ఆయన గాట్లు ఏ పీక మీదా ఉండవు. పళ్ల డాక్టరువి, నీకు తట్టలేదా?"

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. పళ్లు జివ్వుమంటున్నాయని రోజుకు పదిమంది వస్తారు అతని దగ్గరికి.

"మరి ఫొటోల్లో నవ్వకపోవడం?"

"నవ్వడానికి బద్ధకం. పళ్లు మాత్రం ముత్యాలే."

"మరి రికార్డులు?"

"హడావుడి పాటలన్నీ ఆయనవే. వేదిక మీదంతా ఆయనే. ఆ వేగం ఇంకొకళ్లకి రాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. నిదానపు పాటలకి మాత్రం ఆయనకి ఓపిక లేదు. రికార్డింగు గదిలో చూసేదెవరు? ఆయన కుర్చీలో కునుకు తీసేవారు, నేను ఊదేదాన్ని. బయటికొచ్చాక క్లారినెట్ ఆయన చేతికిచ్చి ఫొటో తీసేవాళ్లు. మొదట్లో తమాషాగా ఉండేది. తర్వాత్తర్వాత తమాషాగా లేదు."

ఆవిడ పీక వైపు చూసింది. "ఆయన పోయిన నెలకే మా మరిది నన్నడక్కుండా నా క్లారినెట్‌ని నీకు అమ్మేశాడు. ఆయన క్లారినెట్లు ఇంకా మూడున్నాయి ఇంట్లో. తలుపులేసుకుని ఊదుతాను. కింది కర్రగొట్టం ఎవరిదైనా ఒకటే. పీక నాది కాదుగా, మాట వినదు."

తర్వాత చేతిసంచిలోంచి నలిగిన పుస్తకం తీసింది. డాక్టరు రాసిన ఇరవై పేజీలు.

"ఆయన గురించి రాసినవాళ్లు వందమంది ఉంటారు. నా గురించి రాసింది నువ్వొక్కడివే నాయనా. నా పన్ను గురించి ఇంత బాగా రాశావు, ఇక ఇంకో డాక్టరు దగ్గరికెలా వెళ్తాను?"

డాక్టరు పీక బల్ల మీద పెట్టాడు. "ఆదివారం నన్నేం చెప్పమంటారమ్మా?"

"నన్నడిగితే ఉన్నదున్నట్టు చెప్పమంటాను. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకెప్పుడు చెప్పుకోను? నేను చెప్తే ముసలిదానికి మతి చలించిందంటారు. నువ్వు చెప్తే నమ్ముతారు. నీ దగ్గర అచ్చుంది, పీకుంది, డిగ్రీలున్నాయి."

బల్ల దగ్గర కూర్చున్న భార్య చెవిలో ఒక్క ముక్క కూడా వృథా పోలేదు. పెద్దావిడ వెళ్లగానే లోపలికొచ్చింది. "ఆ పీక తిరిగి తిరిగి మీ పీక మీదికే వచ్చిందన్నమాట. చెప్పెయ్యండి" అంది.

"ఎలా చెప్పను? పలక చెక్కేశారు. మహాసభవాళ్లు మూడో వరుసలో కూర్చుంటారు. పన్నెండేళ్లుగా ఎవరి పన్నో పట్టుకుని ఊరేగానని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఆవిడ యాభై ఏళ్లుగా ఎక్కడ పెట్టుకుందో అక్కడే పెట్టుకోండి."

శనివారానికి క్యాప్ తయారైంది. ఏటవాలు గాటులో అచ్చంగా కూర్చునేదాకా డాక్టరు తన చేత్తోనే అరగదీశాడు. ప్రపంచంలో ఆ పన్నుకు మిగిలిన కొలత ఆ గాటు ఒక్కటే. మామూలుగా అయితే క్యాప్ బిగించాక కొరికి చూడమని రంగుకాగితం ఇస్తాడు. ఆ రోజు క్లారినెట్ ఇచ్చాడు.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఊదింది. అందరికీ తెలిసిన ఆ నిదానపు పాటే. గాలి ఒక పిసరు జారింది, డాక్టరు రాసినట్టే జారింది. పన్నెండేళ్లు ఆ పాటను గాజు వెనక బిగించి ఉంచింది తనేనని తెలిసి అతనికి ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది.

బయట బల్ల మీద బుగ్గ వాచిన మనిషి ఒకడు కూర్చున్నాడు. "ఆ రికార్డు కాస్త తగ్గించమనండమ్మా. అసలే పన్ను సలుపుతోంది" అన్నాడు.

"రికార్డు కాదండీ, లోపల పేషెంటు" అంది డాక్టరు భార్య.

"నన్ను కూడా అలాగే పాడిస్తారా ఏంటి?" అని ఆ మనిషి దవడ పట్టుకున్నాడు.

ఆదివారం డాక్టరు చెప్పి తీరాలనే బయల్దేరాడు. దారిలో భార్యకు రెండుసార్లు మాటిచ్చాడు కూడా. తీరా మందిరంలో అడుగు పెడితే హాలు కిటకిటలాడుతోంది. మూడో వరుసలో మహాసభవాళ్లు. పలక మీద తన పేరు తళతళా మెరుస్తోంది. మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు. 'ఆయన' అంటే అబద్ధం. 'ఆవిడ' అనే మాట పంటి వెనకే ఆగిపోయింది. అప్పుడు దొరికింది అతనికి ఆ దివ్యమైన మాట. 'వారు'.

మన భాష గొప్పది. గౌరవం పేరు పెట్టి ఎవరినైనా దాచెయ్యొచ్చు. వారి పన్ను అన్నాడు, వారి ఊపిరి అన్నాడు, వారు ఊదినప్పుడు గాలి ఎలా జారేదో చెప్పాడు. నలభై నిమిషాల్లో ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్కరికీ నిజం తెలియలేదు. చప్పట్లయ్యాక మందిరం అధ్యక్షుడు చేతులు పట్టుకుని ఊపేశాడు. "ఇవాళ మీ నోట 'ఆయన' అనే మాటే రాలేదు డాక్టరుగారూ. మహానుభావుడి మీద ఎంత గౌరవమండీ మీకు" అన్నాడు.

టీ తాగే చోట డాక్టరు పెద్దావిడ పక్కకు చేరాడు. బడిలో లెక్క సరిగ్గా చేసిన పిల్లాడి మొహం పెట్టుకుని, "గమనించారా అమ్మా?" అని అడిగాడు.

"గమనించాను నాయనా. వారు, వారు అన్నావు. గౌరవానికి నాకెప్పుడూ లోటు జరగలేదు. 'ఆయన'కి మూడక్షరాలు, 'ఆవిడ'కీ మూడే. నువ్వు రెండక్షరాలతో సరిపెట్టేశావు" అంది. కోపంగా అనలేదు. కప్పు కింద పెట్టి, రుమాలు మడుచుకుంది.

డాక్టరును భార్య పక్కకు పిలిచి, తన సంచిలోంచి చిన్న పెట్టె తీసి చేతిలో పెట్టింది. అందులో సరికొత్త క్లారినెట్ పీక. "నిన్న కొన్నాను. మీరు చెప్పరని తెలుసు. కనీసం ఇదైనా చెయ్యండి" అంది.

గాజుపెట్టె రెండో తాళంచెవి దాత దగ్గరే ఉంది. అందరూ టీ హడావుడిలో ఉండగా డాక్టరు గదిలోకెళ్లి పాత పీక ఊడదీసి, కొత్తది బిగించి, తాళం వేసి వచ్చాడు. పాతదాన్ని పెద్దావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ బొటనవేలితో రెండు గాట్లూ తడిమి చూసి, రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది. అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆరు నెలలైంది. జనం వస్తూనే ఉన్నారు. వంగి వంగి చూస్తున్నారు. "అదిగో, తిన్నగా ఒకటి, వంకరగా ఒకటి" అని పిల్లలకు చూపిస్తున్నారు. ఒక పెద్దమనిషి కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఏ పన్నూ తాకని ఆ పీక గాజు వెనక నిగనిగలాడుతోంది. డాక్టరు వారానికోసారి వెళ్లి ఒక మూల నిలబడతాడు. ఇక్కడేమీ లేదేమిటని ఎవరైనా అడిగితే చెప్పేద్దామని అతని ఆశ. ఎవరూ అడగరు.

మొన్న గది తుడిచే ఆవిడ అడిగింది. "రోజూ ఈ అద్దం తుడుస్తాను డాక్టరుగారూ, నాకైతే ఏ గాటూ కనపడదు. నా కళ్లు పోయాయంటారా?"

"నీ కళ్లు బాగానే ఉన్నాయమ్మా. గాట్లు ఇందులో లేవు. అవి ఆవిడ దగ్గరున్నాయి."

ఆ మాట బయటికి వచ్చాక డాక్టరే ఉలిక్కిపడ్డాడు.

"ఎవరావిడ?"

చెప్పాడు. రబ్బరు ముక్క దగ్గర్నుంచి కొత్త పీక దాకా ఏదీ దాచుకోకుండా చెప్పాడు. మాటకొకసారి ఆవిడ, ఆవిడ అంటూనే ఉన్నాడు. తుడిచే ఆవిడ చీపురు గోడకు ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విన్నది. విన్నాక రాతిపలక వైపు చూసింది.

"మరి ఇక్కడ 'ఆయన' అని ఉందే. ఇంత తప్పు రాసిందెవరండీ?" అంది. అని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, డాక్టరు పేరున్న కింది వరుస చదవడం మొదలుపెట్టింది.