రాజుగారి నోట పడిన పులస

ధవళేశ్వరం రేవులో చేపలు పట్టుకు బతికే మరిడమ్మ కూతురు సత్యవాణి రోజూ పొద్దున్నే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి నల్లకోటు ఇస్త్రీ చేసుకునేది. సిటీబస్సెక్కి రాజమండ్రి కోర్టుకెళ్ళి, వరండాలో బల్ల మీద కూర్చుని, సాయంత్రం ఇస్త్రీ మడత చెదరకుండా ఇంటికొచ్చేది. కేసుల్లేవు. ఆ కోర్టులో ప్లీడర్లు గోదాట్లో ఇసక కంటే ఎక్కువ. ఇసక కోసమైనా లారీలొస్తాయి, వీళ్ళకోసం ఎవరొస్తారు?

పైగా ఆ ఇంటి ఆడవాళ్ళ సంగతి జిల్లా అంతటికీ తెలుసు. వాళ్ళ ఎదుట అబద్ధమాడితే ఆడినవాడి నోట్లోంచి చేప పడుతుంది. చిన్న అబద్ధానికి చేదుపరిగె, ఓ మోస్తరుకి జెల్ల, పెద్దదానికి కొర్రమీను. మరిడమ్మ పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు పిల్లాడి గుణగణాలు చెబుతుంటే పడ్డ చేపలు ఊరంతటికీ రెండు పూటలా పులుసుకొచ్చాయి. అయినా చేసుకుంది, అది వేరే సంగతి.

అందుకే ఏ సీనియరూ సత్యవాణిని జూనియరుగా పెట్టుకోలేదు. పెద్ద ప్లీడరు అప్పాజీగారు ఒక్కపూట ఉంచుకున్నాడు. క్లయింటుతో "మన కేసు గెలిచినట్టేనండి" అన్నాడో లేదో, ఫైలు మీద జెల్ల ఎగిరిపడింది.

"నువ్వు బ్యాంకు పరీక్షలు రాసుకోమ్మా," అని సాగనంపాడు.

ఆ పిల్ల చదువుకి అప్పిచ్చింది చేపల వ్యాపారి పల్లంరాజు. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, చివర్న కోటు వేసుకోనిచ్చేందుకు ఇంకో ఫీజు. ఆ డబ్బుతో గోదారికి ఇంకో ఆనకట్ట కట్టొచ్చు! రేవులో పద్ధతేంటంటే, వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళు చేపలన్నీ ఆయన కాటాకే వెయ్యాలి. విలువ బాకీలో జమ. రాజుగారు గడుసువాడు, మరిడమ్మతో నోరు విప్పి ధర చెప్పేవాడు కాదు. కండువా కింద ఆవిడ వేళ్ళు నొక్కి చెప్పేవాడు. వేళ్ళు అబద్ధమాడితే చేపలు పడవు కదా! అలా సత్యవాణి చదువు పూర్తయింది గానీ, బాకీ మాత్రం ఇంకా ఒకటో క్లాసులోనే ఉంది.

ఆ శ్రావణంలో, బాకీ కింద మరిడమ్మ పడవ ఇప్పించమని రాజుగారు దావా వేశాడు. పడవ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"అమ్మా, కేసు నేనే వాదిస్తాను."

"ఫీజెంతే ప్లీడరమ్మా?"

"నీ పెద్ద తట్ట పట్టుకురా, చాలు."

వాయిదా రోజున రాజుగారు బోనెక్కి, అలవాటుకొద్దీ కండువా సర్దుకున్నాడు.

"అది బల్ల మీద పెట్టండి రాజుగారూ. ఇక్కడ నోటితోనే చెప్పాలండి," అంది సత్యవాణి. "మా అమ్మ తట్టలో పడ్డ ప్రతి చేపా మీ కాటాకే, జమ మా బాకీలోకే. అంతేనాండి?"

"అంతే." నిజమే గనక ఏమీ పడలేదు.

"ఏ ధర కడుతున్నారు?"

"బజారు ధరే."

మోచెయ్యంత కొర్రమీను పడింది. మరిడమ్మ దాన్ని తట్టలో వేసి, తట్ట ఆయన నోటి కింద పెట్టింది.

"బజారు ధరన్నారు, రాయించండి సార్," అంది సత్యవాణి. జడ్జిగారు రాయించారు.

"తూకంలో తేడా?"

"భగవంతుడి సాక్షిగా, గ్రాము తేడా లేదు!"

శీలావతి చేప పడింది, వెనకే బొచ్చె. అప్పాజీగారు రాజుగారి ప్లీడరు. నోరు మూసుకోమని బల్లకింద కాలు తొక్కుతూనే ఉన్నాడు. లాకులెత్తాక నీళ్ళాగుతాయా? బంట్రోతులు ప్యాంట్లు మోకాళ్ళదాకా మడుచుకున్నారు.

"చివరగా ఒక్కటండి. అసలు మాకు అప్పెందుకిచ్చారు?"

రాజుగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "నిన్ను నా సొంత కూతురనుకుని ఇచ్చానమ్మా."

గొంతు గుమ్మడికాయంత ఉబ్బింది. కళ్ళు తేలేశాడు. మరుక్షణం వెండిరేకులా తళతళలాడుతూ పులస! పడవంత పులస! జడ్జిగారంతటివారు లేచి నిలబడ్డారు.

కూర్చున్నాక తీర్పు చెప్పారు. ఒప్పందం వాది ఒప్పుకున్నాడు, ధరా ఆయనే చెప్పాడు, కాబట్టి తట్టలో చేపలన్నీ బజారు ధరకి జమ కట్టాలని. రాజుగారి కాటానే తెప్పించి వరండాలో తూచారు. పులస దాకా వచ్చేసరికి బాకీ తీరిపోయి, రాజుగారే ఎదురివ్వాల్సొచ్చింది. జేబులు దులిపి, వేలి ఉంగరం తీసి, తన నోటి చేపలు తనే కొనుక్కున్నాడు పాపం.

"మొప్పలు చూసుకోండి రాజుగారూ," అంది మరిడమ్మ. "తాజావే."

మర్నాడు సత్యవాణి బస్సు దిగేసరికి బల్ల దగ్గర కడియం నర్సరీ కూలీ సుబ్బాయమ్మ కూర్చునుంది. వెనకాల ఆడవాళ్ళు గేటుదాకా ఉన్నారు.

"మా మేస్త్రీ కూలి డబ్బులు తినేశాడమ్మా. అడిగితే వాడు నోరే విప్పడు."

సత్యవాణి కోటు చేతులు పైకి మడుచుకుంది.

"విప్పించడానికే కదా పిన్నీ, అంత ఫీజు కట్టి చదివింది."