సున్నాలో గిన్నె

శుక్రవారం పొద్దు వాలేలోపు కావలసిన పనులు, లోవమ్మ పిన్ని చెబుతుంటే నేను రాసిపెట్టినవి ఇవి: వంట ముగించి పొయ్యి ఆర్పాలి. మాంసం గిన్నెలు ఒక అలమారలో, పాల గిన్నెలు ఇంకోదాంట్లో సర్దాలి. ఫ్రిజ్‌లో లైటు తీసేయాలి. బల్లమీద రెండు కొవ్వొత్తులు పెట్టాలి. నయీమా మేడం వారం మాత్రలు గళ్ల డబ్బాలో వేయాలి.

ఆ శుక్రవారం ఆఖరి పని దగ్గర అన్నీ ఆగిపోయాయి.

పిన్ని ఆరేళ్లుగా అమ్వాజ్‌లో నయీమా మేడం ఫ్లాటులో పనిచేస్తోంది. మేడం యూదురాలు, ఈ గల్ఫ్ దేశంలోనే పుట్టిన మనిషి. శుక్రవారం పొద్దు వాలితే వాళ్ల విశ్రాంతి దినం మొదలు, ఇక పొయ్యి, లైటు, ఫోను ముట్టరు. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీదాన్ని, రిఫాలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. పిన్నికి ఇంగ్లీషు రాదు. యూదుల తిండి నియమానికి సరిపడే సరుకని చెప్పే గుర్తు, సున్నాలో యు అక్షరం, ఆమెకి "సున్నాలో గిన్నె". అది లేని పొట్లాన్ని ఆ గడప దాటనివ్వదు.

మేడంకి తుంటి ఎముక విరిగాక డాక్టరు డి విటమిన్ రాశారు. ఎప్పుడూ వాడే మాత్ర అయిపోతే నేనే వేరే క్యాప్సూల్ ఇచ్చాను.

"దీనిమీద గిన్నె లేదేంటే?" అంది పిన్ని.

"హలాల్ అనుంది కదా. ముస్లింలూ పంది తినరు, యూదులూ తినరు. రెండూ ఒకటే."

"ఒకటేనంటావా?"

"నేను చదివింది ఇదే కదా పిన్నీ!"

"సరేలే తల్లీ, చదువుకున్నదానివి."

తొమ్మిదోరోజున, ఆ శుక్రవారమే, మేడం కొడుకు దావూద్ ఆ సీసా చూశాడు. పిన్ని నాకు ఫోన్ చేసింది. "నా బట్టలు పట్టుకెళ్దువుగాని రా. నీ పేరు మాత్రం ఎత్తకు."

నేను వెళ్లేసరికి అతను హాల్లో సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "క్యాప్సూల్ తొడుగు జెలటిన్! ఏ జంతువుదో, ఎలా కోశారో! ఎవరిచ్చారు?"

"నేనే కొన్నాను సార్. ఎవర్నీ అడగలేదు," అంది పిన్ని నేలచూపులు చూస్తూ.

"ఖలాస్, అయిపోయింది. నీ వీసాకి పూచీ పడ్డ కఫీల్‌ని నేనే కదా. ఇక ఉండను."

నిజం చెబితే అతను షాపుకి ఫిర్యాదు చేస్తాడు, నా లైసెన్సుకే ముప్పు. పిన్ని వెనకనుంచి నా మోచెయ్యి గిల్లింది.

"నేనిచ్చాను సార్," అన్నాను. "ఆవిడ గుర్తేదని అడిగింది. హలాల్ చాలని నేనే చెప్పాను."

సోఫాలోంచి మేడం అంది: "రబ్బీకి ఫోన్ చెయ్ దావూద్. వెలుగుండగానే."

రబ్బీ వాళ్ల మతగురువు, లండన్‌లో ఉంటారు. రెండుసార్లు ఎత్తలేదు. కిటికీలో ఎండ ఎర్రబడుతోంది. మూడోసారి ఎత్తారు. దావూద్ స్పీకర్‌లో పెట్టి సంగతి చెప్పాడు.

"నమిలారా, మింగారా?"

"మింగాను," అంది మేడం.

"రుచి తెలిసిందా?"

"లేదు."

"బలానికని మీరే వాడారా?"

"ఎముక విరిగితే డాక్టరు రాశారు."

రబ్బీ అన్నారు: "అయితే అది తిండి కాదు, మందు. మీకు దోషం లేదు. ఊరికే బలానికి వాడేవాటి మీద మా పెద్దల్లోనే రెండు మాటలున్నాయి. ముద్ర ఉన్నది దొరికితే మాత్రం అదే వాడండి. నమిలే విటమిన్లకైతే ముద్ర ఉండాల్సిందే."

మేడం కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య, పిన్ని పని నిలిచిందనుకున్నాను.

"అమ్మకి దోషం లేదు, సంతోషం," అన్నాడు దావూద్. "మరి ఇప్పుడు నాతో అబద్ధం ఆడిందెవరు? మేం చూడనప్పుడు ఈ వంటింటికి కళ్లు ఈవిడవే. ఇక ఎలా నమ్మను?"

మేడం అరబిక్‌లో కొడుకుతో చాలాసేపు వాదించింది. అతను కొత్త కఫీల్‌ని వెతుక్కోవడానికి నెల గడువిచ్చాడు, అంతే.

లిఫ్టులో పిన్ని నామీద విరుచుకుపడింది. "ఎందుకు చెప్పావే?"

"నువ్వెందుకు దాచావు?"

"నీ లైసెన్సు పోతే మళ్లీ ఎవరు చదివిస్తారు? నావల్ల కాదమ్మా!"

పిన్ని ఇప్పుడు బుసైతీన్‌లో నా గదిలో ఉంది. గడువులో పదకొండు రోజులే మిగిలాయి, ఆలోపు కఫీల్ దొరక్కపోతే దేశం వదలాలి. ఆమె అబద్ధం ఆడిన మాట నిజమే. నాకోసం ఆడింది. మీకు తెలిసిన ఇంట్లో ఎక్కడైనా పెద్దవాళ్లని చూసుకోవడానికి మనిషి కావాలంటే, దయచేసి లోవమ్మని గుర్తుపెట్టుకోండి.