ఒకే తీరు మూటలు

సామాను మోసేవాళ్ళు వస్తున్నారంటే ఎవరైనా సామాను సర్దుకుంటారు. టైలరమ్మ అత్తగారు మాత్రం ఇల్లు కడగడం మొదలుపెట్టింది. ఖాళీ చేసి పోయే ఇంటికి ఈ సింగారం ఎందుకమ్మా అని కొడుకు ఒక్క మాట అన్నాడు. అన్న పాపానికి బూజుకర్ర పట్టుకుని స్టూలెక్కాడు.

"పరాయివాళ్ళొచ్చి మంచాలెత్తితే కింద ఏముంటుందో తెలుసా? మన బతుకుంటుంది," అంది ఆవిడ. "అది చూసి వాళ్ళు నవ్వుకుంటే నేను తలెక్కడ పెట్టుకోను?"

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా! మాడిన గిన్నెలు, చెవులూడిన కప్పులు, అట్టలు కట్టిన మసిగుడ్డలు, ఏవీ మోసేవాళ్ళ కంట పడకూడదని అన్నింటినీ మూటలు కట్టేసింది. అన్నీ ఒకే రంగు దిండు గలీబుల్లో, ఒకే రకం ముడితో, గోడవారన వరసగా. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. దేంట్లో ఏముందో కట్టిన చేతికి కూడా తెలియదు, అదొక్కటే లోటు.

టైలరమ్మ ప్రాణం మాత్రం ఇంకోచోట ఉంది. కొత్త ఇంటికి వీధివైపు ఒక గది ఉంది. అక్కడ మిషన్ వేసుకుంటే దారిన పోయేవాళ్ళకి కనిపిస్తుంది, గిరాకీ దానంతటదే వస్తుంది. ఇన్నేళ్ళూ వంటింటి మూల పొయ్యి సెగలో కూర్చుని కుట్టింది. "నువ్వు కుట్టిన జాకెట్టు వేసుకుంటే ఆకలేస్తోందమ్మాయ్" అని ఒకావిడ మొహం మీదే అనేసింది. ఆ గది ఎలాగైనా తనకి కావాలి. ఆశ ఎంతంటే, నిద్రలో కూడా దాని కిటికీకి తెరలు కుడుతోంది.

కొత్త ఇంటి ఓనరమ్మ మాటకి మెత్తన, పట్టుకి గట్టి. ఇల్లు ఖాయమే గానీ, ఆ గదిని ఓ జిరాక్స్ అతను కూడా అడుగుతున్నాడట. "ఇది మా అమ్మ కొని, కత్తెర పెట్టడానికి మనసొప్పక దాచుకున్న పట్టుబట్ట," అంటూ ఓనరమ్మ ఆకుపచ్చ బట్ట టైలరమ్మ చేతిలో పెట్టింది. "జాకెట్టు కుట్టి, సామానుతో పాటే పట్టుకురా. నాకు నచ్చిందా, గది నీది. లేదా, అతనిది."

బట్ట కత్తిరించడం అయింది. కుట్టబోయే వేళకి అత్తగారు చీపురు చేతికిచ్చింది. సరే, సామాను ఎక్కించేసరికి ఎలాగూ మధ్యాహ్నమవుతుంది, మిషన్ ఆఖరున ఎక్కించమంటే ఈలోగా కుట్టేయొచ్చు కదా అనుకుంది టైలరమ్మ. పట్టుముక్కలు తను కూడా ఓ గలీబులోనే కట్టి మిషన్ మీద పెట్టి, స్నానాలగది తోమడానికి వెళ్ళింది. వదిలిపోయే స్నానాలగది! ఆ ఇంట్లో అత్తమాటకి అప్పీలు లేదు.

మోసేవాళ్ళొచ్చారు. వాళ్ళ మేస్త్రి గుమ్మంలో నిలబడి, తళతళలాడుతున్న నేలని, వరసలో కూర్చున్న మూటల్ని చూసి, "ఇప్పుడే దిగినట్టున్నారే! ఖాళీ చేసే ఇల్లు ఇదేనా?" అన్నాడు. అత్తగారికి ఏనుగెక్కినంత సంబరమైంది.

టైలరమ్మ మొగుడు బస్సు కండక్టరు. డ్యూటీ లేకపోయినా నోరు డ్యూటీలోనే ఉంటుంది. లారీ వెనకాల నిలబడి, "దూరం వెళ్ళేవి లోపలికి! దగ్గర్లో దిగేవి తలుపు దగ్గర! జరగాలి, జరగాలి!" అని కేకలు పెట్టాడు.

"అన్నీ దిగేది ఒకే స్టాపులో సార్," అన్నాడు మేస్త్రి. "మీరు కాస్త పక్కన నిలబడితే మేము కూడా ఎక్కుతాం."

టైలరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఇల్లు బోసిపోయింది. మిషన్ ఒక్కటే మిగిలింది. దాని మీద మూట లేదు.

"అత్తయ్యా! ఇక్కడో మూటుండాలి!"

"అదొక్కటీ విడిగా ఉంటే ఏం బాగుంటుందని వరసలో కలిపేశాను."

"అందులో ఆకుపచ్చ పట్టుముక్కలున్నాయి!"

"ఆకుపచ్చవా?" అన్నాడు తాడు బిగిస్తున్న మేస్త్రి. "పగిలే సామాన్లకి చుట్టడానికి పాతగుడ్డలేమైనా ఉన్నాయా అంటే పెద్దమ్మగారు ఆ మూటే ఇచ్చారు. ఇంత మంచి బట్టేంటమ్మా అని అడిగాను కూడా. 'మా ఇంట్లో పాతగుడ్డలంటే ఇలాగే ఉంటాయి నాయనా' అన్నారు."

టైలరమ్మ లారీ మీదికి దూకినంత పని చేసింది. కట్టిన తాళ్ళన్నీ విప్పించింది. సామానంతా మళ్ళీ రోడ్డు మీదికి దిగింది. మూటలన్నీ విప్పారు. మోసేవాళ్ళు కూడా చూడకూడదని దాచిన మాడిన గిన్నెలు, చెవులూడిన కప్పులు నడివీధిలో ఎండలో మెరిశాయి. సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, "పాతసామాను అమ్మకానికా?" అని అడిగాడు. అత్తగారు కొంగు మొహానికి కప్పుకుంది.

వీపుముక్క పెద్ద జాడీకి దొరికింది. ముందుముక్కలు రెండూ గాజుదీపానికి చుట్టి ఉన్నాయి. ఒక చెయ్యి గడియారానికి. రెండో చెయ్యి మాత్రం ఎంత వెతికినా లేదు. పరుపులు దులిపారు, బకెట్లు బోర్లించారు. కండక్టరు లారీ కింద కూడా దూరి చూశాడు.

"ఇంకా దేనికమ్మా వెతుకుతున్నారు?" అంటూ మేస్త్రి తల గోక్కోబోయాడు. చెయ్యి ఆగిపోయింది. నెత్తి మీద చుట్టకుదురు ఆకుపచ్చగా ఉంది.

నెమ్మదిగా తీసి ఇచ్చాడు. చెమటకి తడిసి, సగం దాకా పిగిలిపోయింది. "బీరువా మోసింది ఇదేనమ్మా," అన్నాడు.

టైలరమ్మ ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని వీధిమెట్టు మీద కూలబడింది. "గది పోయిందండీ," అంది మొగుడితో. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. రైట్, రైట్ అంటూ బతికే మనిషి కూడా ఆ మొహం చూసి పక్కనే చతికిలబడ్డాడు.

అత్తగారు మొహం మీది కొంగు తీసింది. ట్రంకుపెట్టె తెరిచి, నలుగురిలో కప్పుకోవాలని ఏళ్ళ తరబడి దాచుకున్న శాలువా లాగి, బంగారు రంగు అంచు పర్రున చింపింది.

"ఇది అతుకు వెయ్యి."

"అత్తయ్యా, మీ శాలువా..."

"నా కళ్ళజోడు వాళ్ళు సర్దేశారే. ఆ గుడ్డలేంటో కనపడటం లేదంటే చులకనైపోతానని గొప్పకి పోయాను. తప్పు నాది. కుట్టు, కూర్చో."

కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఖాళీ గదిలో మిషన్ గడగడలాడించింది టైలరమ్మ. పిగిలినంత మేరా రెండు చేతులూ కత్తిరించి, ఆ అంచు జోడించింది. బయట మేస్త్రి మనుషులు గోడనీడన కూర్చుని, మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా లేచి నిలబడుతూ మళ్ళీ కూర్చుంటున్నారు.

కొత్త ఇంటికి చేరేసరికి జిరాక్స్ అతను వచ్చేసి ఉన్నాడు. టేపు పట్టుకుని ముందుగది కొలుచుకుంటున్నాడు. ఓనరమ్మ జాకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆఖరున ఎక్కిన మిషన్ అందరికంటే ముందు దిగింది. మేస్త్రి, ఇంకో మనిషి దాన్ని చెరోవైపూ పట్టుకుని గుమ్మం దాకా మోసుకొచ్చారు.

"ఎక్కడ దించాలమ్మా?"

ఎవరు చెబుతారు? టైలరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయి నిలబడింది.

ఓనరమ్మ జాకెట్టు తొడుక్కునే బయటికొచ్చింది. "ఈ అంచెక్కడిది? నా బట్టలో లేదే!"

"అది కొత్త ఫ్యాషనండీ..." అని కండక్టరు అందుకున్నాడు. టైలరమ్మ కళ్ళతోనే నోరు మూయించింది. మూట దగ్గర్నుంచి చుట్టకుదురు దాకా జరిగింది జరిగినట్టు చెప్పేసింది. బీరువా మాట వచ్చినప్పుడు మేస్త్రి తల దించుకున్నాడు.

ఓనరమ్మ ఒక చెయ్యి ఎత్తింది, దించింది. "చంకలో పట్టేస్తోంది," అంది. "నడుం దగ్గర వదులు. ఈ హుక్కు కూడా పక్కకి పోయింది."

జిరాక్స్ అతను టేపు మళ్ళీ సాగదీశాడు.

"అమ్మ దాచింది, నేనూ దాచాను. ఇద్దరం వేసుకున్న పాపాన పోలేదు," అంది ఓనరమ్మ, అంచుని వేలితో నిమురుతూ. "ఇప్పుడు ఒంటిమీదికొచ్చింది, ఇక విప్పను. ఇన్ని వంకలూ సరిచేయించుకోవడానికి వీధులన్నీ తిరగడం నా వల్ల కాదు. బాబూ, ఆ టేపు చుట్టేసుకో. మీరు మిషన్ ముందుగదిలో దించండి."

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"అమ్మా, ఏడిస్తే ఏడవండి గానీ," అన్నాడు మేస్త్రి, "కాస్త గుమ్మం వదిలి ఏడవండి. చేతులు పడిపోతున్నాయి."