బంగారుపేట షెడ్డులో విచారణ

ఆ బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు బంగారుపేటలోని ఈశ్వరప్ప మెకానిక్ షెడ్డులో హాజరైనవారు, మర్యాదక్రమంలో: మొదటివారు, చేతులున్న ఒకే ఒక్క కుర్చీలో, అచ్యుతరావు గారు. బంగారు గనుల టైం ఆఫీసులో ముప్పైఒక్క సంవత్సరాలు హాజరుపట్టీలు రాసి, గనులు మూతపడ్డాక వినియోగదారుల సలహా కేంద్రాన్ని స్థాపించి, దానికి తామే అధ్యక్షులు, కార్యదర్శి, ఏకైక సభ్యులు అయినవారు. రెండవవారు, షెడ్డు యజమాని ఈశ్వరప్ప, పాత టైరు మీద. మూడవవారు, ఫిర్యాదీ, సుగటూరు రైతు సీనప్ప, ఆయిలు డబ్బా అంచున. చివరగా ఫిర్యాదీ భార్య మునివెంకటమ్మ, నిలబడి.

ఈ క్రమాన్ని నిర్ణయించినది అచ్యుతరావు గారే. క్రమం లేనిచోట న్యాయం నిలవదని ఆయన గట్టి నమ్మకం. గనుల్లో ఏటా ఎంత బంగారం తీశారో ఆయనకు తెలియదు గాని, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో ఇప్పటికీ చెప్పగలరు.

వ్యవహారం చిన్నది. సుగటూరులో పట్టుగూళ్ళు పండించే పదిహేను ఇళ్ళ సరుకును కోలారు మార్కెట్టుకు చేర్చేది సీనప్ప టెంపోయే. మూడు వారాల క్రితం అది స్టార్టు కాలేదు. తాళం తిప్పగానే ఇంజనును కదిలించే సెల్ఫ్ మోటారు కాలిపోయిందని, కొత్తది వేశానని ఈశ్వరప్ప బిల్లు రాశాడు. పాతది చూపించమంటే పాత ఇనుము కొనే గుజిరీకి వేశానన్నాడు. డబ్బు కట్టేదాకా బండి కదలదన్నాడు. పోయిన పంటకు ఊరివాళ్ళు బాడుగ బండి పిలిపించుకున్నారు. రేపు తెల్లవారితే మళ్ళీ గూళ్ళు బయలుదేరాలి. ఈసారి కూడా టెంపో లేకపోతే ఆ బాడుగబండినే ఖాయం చేసుకుంటామని పెద్దమనుషులు చెప్పేశారు. సీనప్ప కుటుంబానికి ఆ టెంపో తప్ప నిలకడైన రాబడి మరొకటి లేదు.

అచ్యుతరావు గారు రెండు వారాల క్రితమే ఈశ్వరప్పకు నోటీసు పంపారు. మూడు పుటలు, చక్కటి ఇంగ్లీషు, పదకొండు పేరాలు, ప్రతి పేరాకూ సంఖ్య. సమాధానం రాలేదు. అందుకే ఈ ఉదయం ప్యాసింజరు రైలెక్కి స్వయంగా వచ్చారు.

"నా నోటీసు మీకు అందినదా?" అని ఆరంభించారు.

"అందకేమి సార్, అద్దో చూడండి." ఈశ్వరప్ప గోడవైపు చెయ్యి చూపించాడు. లక్ష్మీదేవి పటం పక్కన, ప్లాస్టిక్ తొడుగులో, ఊదుబత్తి పొగ మధ్య, మూడు పుటలూ వరుసగా వేలాడుతున్నాయి. "కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ పెద్దాయప్ప ఇంగ్లీషులో రాసిచ్చినాడంటే గిరాకీ బాగా పెరిగినాది సార్. సర్టిఫికేటు అనుకుంటా ఉండారు అందరూ."

"అది సర్టిఫికేటు కాదు! ఆరవ పేరాలో మిమ్మల్ని అక్రమ వర్తకుడని పేర్కొన్నాను!"

"ఆరో పేరా దాకా ఎవురు చదువుతారు సార్? మీ సంతకం భలే ఉండాది."

అచ్యుతరావు గారి మెడ ఎర్రబడింది. అయినా సంతకం గురించిన మాట పూర్తిగా అసత్యమని ఆయన అనలేకపోయారు.

"సామీ, నేనొక మాట చెప్పల్లా," అంది మునివెంకటమ్మ.

"అమ్మా, సాక్షి తన వంతు వచ్చేవరకు మౌనంగా ఉండవలెను. మొన్న మా ఇంట్లోనూ ఇదే మనవి చేశాను."

"మొన్ననే కాదు సామీ, అంతకుముందు దినమూ చెప్పనీలే నువ్వు."

"పద్ధతి అమ్మా, పద్ధతి." ఆయన ఈశ్వరప్పవైపు తిరిగారు. "పాత మోటారును చూపించమని అడిగే హక్కు వినియోగదారునికి ఉన్నది. మీరు నిరాకరిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను."

"చేయండి సార్. ఆ కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంటాదా? పక్కన జాగా ఉండాది."

మునివెంకటమ్మ అడిగింది: "ఆడ తీర్పు ఎన్ని దినాలకు వస్తాది సామీ?"

"చట్టం మూడు నెలలంటున్నది. ఆచరణలో కొంత అటూ ఇటూ కావచ్చును."

"మా గూట్లో పురుగు మూడు నెల్లు ఆగుతాదా? పది దినాలకే తొలుచుకోని బయటికొస్తాది. ఇంగ నీ పద్ధతి నువ్వు చూసుకో సామీ, నా బండి నేను చూసుకుంటాను."

ఆమె కొంగు నడుముకు దోపి టెంపో దగ్గరికి నడిచింది. సీటు ఎత్తింది. కింద సెల్ఫ్ మోటారు వెండిరంగులో తళతళలాడుతోంది. బల్లమీది కిరోసిన్ గుడ్డ తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"అక్కా, కొత్త సామాను! రంగు పోతాది!" ఈశ్వరప్ప టైరు మీదినుంచి లేచాడు.

"కొత్తదానికి రంగు ఎందుకు పోతాది అప్పా?"

నాలుగుసార్లు రుద్దేసరికి వెండిరంగు ఊడింది, తుప్పు తేలింది. తుప్పు కింద చుక్కలు చుక్కలుగా కన్నడ అక్షరాలు. అచ్యుతరావు గారు కళ్ళజోడు సవరించుకుని వంగి, టైం ఆఫీసు గొంతుతో పైకి చదివారు: "మునివెంకటమ్మ. సుగటూరు."

మునివెంకటమ్మ గుడ్డను బల్లమీద పెట్టింది.

"పోయినేడు దీనికి తీగ వైండింగు చేయించినప్పుడు, పక్కనే పాత్రల అంగడి ఉన్నింది," అందామె. "చెంబుకీ బిందెకీ పేరు కొట్టిస్తాము గదా, ఇంత రేటు సామానుకు కొట్టించకుండా ఎట్ల ఇడుస్తాను? పెండ్లిండ్లకు ఇచ్చిన గిన్నెలే మారిపోతాయి, షెడ్డుకిచ్చిన మోటారు మారదా?"

"కంపెనీవాడే కొట్టించి పంపినాడేమో అక్కా," అన్నాడు ఈశ్వరప్ప. అది తనకే నమ్మశక్యంగా లేనట్టు గొంతు తగ్గింది.

"కంపెనీవానికి మా ఊరుపేరు గూడా తెలుసునా? ఎంత ప్రేమ అప్పా వానికి నా మింద!"

ఆయిలు డబ్బా అంచున సీనప్ప ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు, నవ్వడానికి. బయట బండి బాగు చేయించుకోవడానికి వచ్చి నిలబడ్డ ఇద్దరు కూడా నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఈశ్వరప్ప బిల్లు పుస్తకం తీసి, మోటారు పద్దును తానే కొట్టేశాడు. లోపల మార్చినది కరెంటు అందించే రెండు చిన్న కార్బన్ బ్రష్షులేనని ఒప్పుకున్నాడు. మునివెంకటమ్మ వాటికీ కూలికీ డబ్బు ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని, తాళంచెవి భర్త చేతిలో పెట్టింది. టెంపో మొదటి తిప్పుకే స్టార్టయింది.

అచ్యుతరావు గారు తిరుగు రైల్లో ఈ విచారణ నివేదికను మనసులో పేరాలుగా కూర్చబోయారు. సాక్షిని మూడుసార్లు ఆపినది తామేనన్న సంగతిని ఏ పేరాలో ఎలా పెట్టినా ఇమడలేదు. ఇంటికి చేరాక కేంద్రం పుస్తకం తెరిచి, కొట్టివేతలు లేకుండా ఇలా రాశారు:

"సుగటూరు నివాసి శ్రీమతి మునివెంకటమ్మ గారు తమ సొంత ముందుచూపుతోను, ఒక కిరోసిన్ గుడ్డతోను ఈ వివాదాన్ని పరిష్కరించినారు. ఇందులో ఈ కేంద్రం చేసిన సహాయమేదీ లేదు. చేసిన ఆలస్యం రెండు వారాలు. ఆమె చేసిన ఈ కార్యాన్ని కేంద్రం సగౌరవంగా గుర్తించి, కృతజ్ఞతతో నమోదు చేయుచున్నది."