టేపు కొస ఎవరు పట్టుకోవాలి?

కనక పొద్దున్న లేవగానే చేసే మొదటి పని అనుమానపడటం. పొయ్యి రాజేసి అంబలి కుండ ఎక్కించేలోపే, గంప కింది గుడ్డు ఎవరో తీశారనీ, పక్కింటి మేక తన మిరియాల తీగ కొరికిందనీ తేల్చేసేది. చాలాసార్లు నిజమే అయ్యేది కూడా. మొగుడు పోయి, పిల్లల్లేక, అరకు దాటాక కొండ కింది ఊళ్ళో ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషికి ఆమాత్రం అనుమానం లేకపోతే ఒంటి మీద కోక కూడా మిగిలేది కాదు.

ఇంటి వెనక ఆమె తండ్రి కట్టిన పశువుల సాల ఉంది. తన మనిషి లోపలికొస్తే అది పెద్దదవుతుంది, పరాయి మనిషొస్తే చిన్నదవుతుంది. ఊరందరికీ తెలిసిన సంగతే. బేరగాడు దూడని చూడటానికొస్తే, "దూలం దిగుతాది, ఒంగండి బాబూ" అని తండ్రి ముందే హెచ్చరించేవాడు. తన మనిషి చెయ్యి పట్టుకుని తెచ్చిన చుట్టానికి మాత్రం చోటిచ్చేది. కనక పెళ్ళికొచ్చిన వాళ్ళంతా అందులోనే పడుకున్నారు, ఇంకా చోటు మిగిలింది.

చలికాలం వస్తే మబ్బులు చూడ్డానికి జనం కార్లేసుకొచ్చి, గదులు దొరక్క కార్లలోనే ముడుచుకు పడుకుంటున్నారు. సాలని గదులుగా మార్చి అద్దెకిద్దామని కనకకి ఆశ పుట్టింది. ఆశతో ఊరుకుందా, ఉన్న ఆవుల్ని అమ్మేసి సిమెంటూ రేకులూ కొనేసింది. ఇక ఇది కుదరకపోతే ఆవులూ లేవు, గదులూ లేవు.

పశువులున్నన్నాళ్ళూ సాలకి పన్ను అడిగిన నాథుడు లేడు. మనుషుల్ని దించి అద్దె తీసుకోవాలంటే మాత్రం పంచాయతీ అనుమతి కావాలి, కొలత వెయ్యాలి, కొలతని బట్టి పన్ను కట్టాలి. ఆ తిరుగుడంతా తమ్ముడు సోమన్న నెత్తినేసుకున్నాడు. "నువ్వు ఆఫీసుల సుట్టూ తిరగలేవప్పా, అనుమతి నా పేరున తీద్దాం," అన్నాడు. సరేనంది. ఈ భూమ్మీద కనక అనుమానించని మనిషి అతనొక్కడే.

కొలత రోజున పంచాయతీ సెక్రటరీ రమ్య స్కూటీ మీద వచ్చింది. కనక ముందు ఆ పిల్ల చెప్పుల వంక చూసింది. కొత్తవి. ఎవడు కొనిపెట్టాడో అనుకుంది. పిలవకుండానే షావుకారు సర్వేశ్వరరావు కూడా దిగాడు. కింద మైదానం నుంచి వచ్చి సంతలో సరుకుల కొట్టు పెట్టినవాడు. ఏజెన్సీలో అతని పేరున సెంటు భూమి కూడా రాయరు, గిరిజనుల భూమి గిరిజనులకే. అయినా పేర్లు ఒకరివీ తాళాలు అతనివీ అయిన ఇళ్ళు ఊళ్ళో చాలానే ఉన్నాయని చెప్పుకుంటారు.

"టేపు కొస నేను పట్టుకుంటాలే కనకమ్మా," అన్నాడు షావుకారు. "పరాయివాణ్ణి కదా, సాల కాస్త చిన్నదవుద్ది. పన్ను తగ్గుద్ది. నీకే లాభం."

కనక తమ్ముణ్ణి పక్కకి లాగింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ బాబు అడక్కుండానే పెడతన్నాడేటిరా?"

"మంచికే సెప్తన్నాడప్పా. పట్టుకోనీ."

"ఎవరో ఒకరు పట్టుకోండమ్మా," అంది రమ్య. "నాకు ఎంత కనబడితే అంతే రాస్తాను."

"బాబుగారక్కర్లేదు. నా తమ్ముడు పట్టుకుంటాడు. ఎంత పన్నొస్తే అంత కడతాను," అంది కనక గట్టిగా.

సోమన్న మొహం మాడిపోయింది. "నాకు సెయ్యి నొప్పిగుందప్పా."

"టేపు ముక్క పట్టుకోడానికేటి నొప్పి? బేగి పట్టు!"

చేసేది లేక అతను కొస పట్టుకుని లోపలికి నడిచాడు. గోడలు నెమ్మదిగా దగ్గరికి జరిగాయి. దూలం బేరగాళ్ళకి దిగినదానికంటే కిందికి దిగింది. సోమన్న తలొంచాడు, నడుం వంచాడు, చివరికి గొంతుక్కూచున్నాడు.

"ఏడడుగులు," రమ్య చదివింది. "మేకలు కూడా పట్టవు. దీనికి గదుల అనుమతి రాదమ్మా."

సాల చిన్నదైందని ఎవరూ ఆశ్చర్యపోలేదు. సోమన్నకి చిన్నదైంది, అదీ సంగతి. కంచె దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు చూపు తిప్పుకున్నారు. షావుకారు ఫోన్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

కనక ఊరందరినీ అనుమానించి, అనుమానించాల్సిన ఒక్కణ్ణీ వదిలేసిందే!

"సోమన్నా, ఏటి సేసినావురా?"

"నానేటి సెయ్యలేదు! సావుకారుతో నాకేటి సమ్మందం?"

షావుకారు పేరు అక్కడెవరూ ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ సంగతి సోమన్నకే ముందు తెలిసింది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

"జీపు కొనిస్తానన్నాడప్పా, టూరిస్టుల్ని తిప్పుకోమని. అనుమతి నా పేరున రాగానే తాళం తనకిచ్చీమన్నాడు. నిన్ను మాత్రం కదపనని ఒట్టేసినాడు."

"నా సాలలో నన్ను కదపకుండా ఉంచడానికి ఆడెవడ్రా?" అంది కనక. తమ్ముణ్ణి బైటికి లాగి, టేపు గుంజుకుని తను లోపలికి వెళ్ళింది. గోడలు వెనక్కి జరిగాయి. ఆమె నడుస్తూనే ఉంది. టేపు అయిపోయింది. గుర్తు పెట్టుకుని మళ్ళీ మొదలెట్టాల్సొచ్చింది.

రమ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఇదంతా రాస్తే పన్ను చాలా అవుతుందమ్మా. కాస్త ఇవతలే ఆగండి, తగ్గుతుంది."

కనక ఆ పిల్లని ఎగాదిగా చూసింది. ఈసారి చెప్పుల దాకా పోలేదు.

"ఒక్క అడుగు తగ్గించకు తల్లీ. నా పేరునే రాయి. రేపు ఎవడైనా ఇది నాది కాదంటే, పన్ను రసీదు ఆడి మొహాన కొడతాను."

అప్పటికే షావుకారి బండి రోడ్డెక్కేసింది.

అనుమతి వచ్చింది. గదులు లేచాయి. దిగడానికొచ్చిన ప్రతివాణ్ణీ కనక చెయ్యి పట్టుకుని గడప దాటించేది. వాళ్ళు అదేదో కొండ ఆచారమనుకుని మురిసిపోయి ఫొటోలు తీసుకునేవారు. సోమన్నకి జీపు రాలేదు. కట్టెలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, గడప దగ్గర దించేసి వెళ్ళిపోయేవాడు. అక్క పిలవలేదు, అతను అడగలేదు.

ఒక వానరోజు మధ్యాహ్నం అతను సాల చూరు కింద తడుస్తూ నిలబడి ఉన్నాడు. కనక లోపల కంచంలో అన్నం పెట్టింది.

"తడిసినకాడికి సాల్లే. ఒంగి రా."

అతను వంగి వచ్చాడు. అతను కూచున్న మూల వరకే కప్పు కిందికి దిగింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని తినసాగాడు. కనక తమ్ముడి మొహం చూళ్ళేదు. దూలం లేస్తుందేమోనని దాని వంకే చూస్తూ కూచుంది. అది అంగుళం కూడా కదల్లేదు. అయినా ఇంకో గరిటె కూర వేసింది.