ఇద్దరు కూర్చునే కుర్చీ

కొత్త లిఫ్టు వచ్చాక మా సుగికుర కొండకు జనం పెరిగారు, కాదనను. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అదీ కాదనను.

ఎండాకాలం వరి పొలం, మంచుకాలం లిఫ్టు. పెళ్ళై ఈ ఊరొచ్చినప్పటి నుంచి నా బతుకు ఇదే. పాత లిఫ్టు ఇద్దరు కూర్చునేది. తీగకు వేలాడుతూ కుర్చీ వెనక నుంచి వస్తుంది. కొండ మీంచి మంచులో జారడానికి కాళ్ళకు స్కీలు తొడుక్కున్న ఇద్దరు గీత మీద నిలబడతారు. నేను చీపురుతో కుర్చీ మీది మంచు ఊడ్చి, అది వాళ్ళ పిక్కలకు కొట్టుకోకుండా చేత్తో కాస్త నిదానం చేసి, "వెళ్ళి రండి" అంటాను. ఆ కుర్చీ నత్తలా పైకి పోయేది. కొండెక్కేలోపు ఇద్దరు మనుషులు ఒక సంసారం కథంతా చెప్పుకోవచ్చు.

కొత్తది నలుగురిది. కంపెనీ పంపిన మేనేజరు వచ్చి తాళ్ళు కట్టి నాలుగు వరసలు చేశాడు. వరసకో నంబరు, ఒక్కో వరస చివర ఓ చిన్న గేటు. నాలుగు గేట్లూ ఒక్కసారే వాటంతటవే తెరుచుకుంటాయి. కుర్చీలకు పైన మూత కూడా ఉంది, మంచు పడదు.

"హత్సుమి గారూ, ఇక మీరు నవ్వుతూ నిలబడితే చాలు" అన్నాడు మేనేజరు.

"నవ్వడానికి నేనెందుకండీ, ఓ బొమ్మను నిలబెట్టుకోండి" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ లిఫ్టు దారిలో సగం నేల హొసొగాయ్ అన్నదమ్ములది. అన్న ఇసావో, తమ్ముడు మసుజి. నాకు చుట్టాలేం కాదు, ఊరి వరసకి ఒకరు పెదనాన్న, ఒకరు బాబాయ్. ఏటా మంచుకాలంలో లిఫ్టు తెరిచే రోజున మొదటి కుర్చీ ఎక్కాల్సింది నేల ఇచ్చిన ఇంటివాళ్ళే అని ఊరి పెద్దలు ఏనాడో ఆనవాయితీ పెట్టారు. ఆ ఆనవాయితీ లేకపోతే వీళ్ళిద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చునేవాళ్ళే కాదు. ఎందుకంటే వాళ్ళకి మాటల్లేవు.

గొడవంతా ఒక హద్దురాయి గురించి. వాళ్ళ నాన్న పోయాక పంపకాల్లో, రాయి దేవదారు మొద్దుకి ఎగువన ఉందని అన్న, దిగువన ఉందని తమ్ముడు. ఎంత వెతికినా రాయి కనబడలేదు. మసుజి బాబాయ్ కోపం పట్టలేక ఊరి సభలో లేచి నిలబడి "మా అన్న అబద్ధాలకోరు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, మాటల్లేకుండానే ఇద్దరి జుట్లూ తెల్లబడిపోయాయి. ఏటా మొదటి కుర్చీలో మాత్రం అన్న కుడివైపు, తమ్ముడు ఎడమవైపు, మొహాలు చెరో కొండకేసి తిప్పుకుని పోయేవాళ్ళు. "ఏడాదికోసారి కాపురం" అని ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

పోయిన వేసవిలో కొత్త లిఫ్టు స్తంభానికి గొయ్యి తవ్వుతుంటే రాయి దొరికింది. మొద్దుకి ఎగువన, సరిగ్గా అన్న చెప్పిన చోట.

ఆకులు రాలే రోజుల్లో మసుజి బాబాయ్ ముల్లంగి కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే కూర్చున్నాడు.

"హత్సూ, మొదటి కుర్చీ ఈసారి కూడా మాదేనా?"

"మీదే బాబాయ్. అయినా రాయి దొరికిందిగా, ఇంటికెళ్ళి ఒక్క మాట చెప్పేస్తే పోదూ? నాలుగిళ్ళ అవతలేగా?"

"ఎళ్ళాను. గేటు దాకా ఎళ్ళి తిరిగొచ్చాను. మొహం చూస్తూ చెప్పలేనే. లిఫ్టులో అయితే ఇద్దరం ముందుకే చూస్తుంటాం. మధ్యలో దిగి పోవడానికి అన్నకీ ఉండదు, నాకూ ఉండదు."

"అయితే ఆ రోజు నోరు తెరువు. లేకపోతే నేనే మైకులో చెప్పేస్తా."

"నీ నోటికో దణ్ణం తల్లీ" అని నవ్వాడు. ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ వారమే ఇసావో పెదనాన్న పాత లిఫ్టు దగ్గరికొచ్చాడు. విప్పేసిన కుర్చీలు కావాలన్నవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తున్నాం. ఆయన ఒకటి ఎంచుకుని బండికెత్తించమన్నాడు.

"ముసలాయన ఒక్కడికి ఇద్దరి కుర్చీ ఎందుకు పెదనాన్నా? పెద్దమ్మ ఎక్కదుగా, ఆవిడకి ఊగితే కళ్ళు తిరుగుతాయి."

"ఒక్కడిది నీ దగ్గర లేదుగా" అన్నాడు. ఆగి, "ఎవడైనా వస్తే కూర్చుంటాడు" అన్నాడు.

"బాబాయ్ మీతో ఏదో చెప్పాలనుకుంటున్నాడు."

"వాడికి కాళ్ళు లేవా?" అన్నాడు పెదనాన్న. మాట పెళుసే కానీ, తాడు బిగిస్తున్న చేతులు ఆగాయి. అది నేను చూశాను.

తెరిచే రోజు రానే వచ్చింది. పూజారి స్తంభం మీద బియ్యపు సారా, సాకే, చల్లాడు, పిల్లలు డోళ్ళు వాయించారు, ఆడవాళ్ళు వేడి వేడిగా తియ్యటి బియ్యపు పానీయం, అమజాకే, పంచారు. మొదటి కుర్చీలో నాలుగు చోట్లు కదా, ఖాళీగా పోతే బాగుండదని మేనేజరు ఊరి పెద్దనూ, కంపెనీ డైరెక్టరునూ కూడా ఎక్కమన్నాడు.

వరసలు కట్టిన మేనేజరుకు తెలియనిది ఒకటుంది. మావాళ్ళకు నలుగురు కూర్చునే చోటు చూపిస్తే చాలు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరెక్కడ కూర్చోవాలి అన్న తతంగం మొదలవుతుంది. ఇద్దరి కుర్చీలో ఆ బాధ లేదు. నలుగురిలో మధ్య చోటు గౌరవం, చివరి చోటు వినయం. పెదనాన్న నేరుగా వెళ్ళి ఒకటో నంబరు వరసలో, చివరన నిలబడ్డాడు. బాబాయ్ రెండో నంబరులోకి, అన్న పక్కకు, వచ్చాడు. నా గుండె తేలికపడింది.

అప్పుడే ఊరి పెద్ద వచ్చాడు. బాబాయ్ వంగి, "మీరుండగా నేను మధ్యలోనా! రండి, రండి" అన్నాడు. అనకుండా ఉండలేడు, పుట్టినప్పటి నుంచి నోటికి అలవాటైన మాట. "అబ్బే, నేల మీది, మీరే ఉండండి" అని ఊరి పెద్ద ఒకసారి వద్దన్నాడు, రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి వద్దంటే అది మర్యాద కాదు కాబట్టి వచ్చి రెండో నంబరులో నిలబడ్డాడు. బాబాయ్ మూడోది కూడా డైరెక్టరుకు వదిలేసి నాలుగో నంబరుకు పోయాడు.

"బాబాయ్! రెండో వరసలోకి రా!" అని అరిచాను. డోళ్ళ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. గేట్లు తెరుచుకున్నాయి. కుర్చీ నలుగురినీ ఎత్తుకుపోయింది. అన్న ఆ చివర, తమ్ముడు ఈ చివర, మధ్యలో పెద్ద కోట్లు తొడుక్కున్న ఇద్దరు పెద్దమనుషులు. పాతదయితే చేత్తో పట్టి ఆపేదాన్ని.

పైకి చేరడానికి కాసేపే పట్టింది. ఆ కాసేపూ ఊరి పెద్ద నోరు మూయలేదట. దిగగానే ఫొటోలు, చప్పట్లు. పెదనాన్న తన దారిన జారుకుంటూ వెళ్ళిపోయాడు.

బాబాయ్ కిందికొచ్చి నా దగ్గర నిలబడ్డాడు.

"నీ మర్యాద మండ! నీ చోటు నువ్వే ఇచ్చేశావు కదయ్యా" అన్నాను.

"వచ్చే ఏడు చెప్తాలే హత్సూ" అన్నాడు.

వచ్చే ఏడు దాకా ఎవరున్నారు? కొత్త సంవత్సరం పండగ దాటాక పెదనాన్న ఇంటి కప్పు మీది మంచు తోస్తూ గుండె ఆగి పోయాడు.

చావింటికి నేనూ బాబాయ్ కలిసే వెళ్ళాం. మొన్న తిరిగొచ్చిన గేటు ఆరోజు దాటాడు. వాకిట్లో చూరు కింద, రెండు దూలాల నుంచి ఆ పాత కుర్చీ వేలాడుతోంది, కొండకేసి తిరిగి. బాబాయ్ అక్కడే ఆగిపోయాడు.

పెద్దమ్మ బయటికొచ్చింది. "రోజూ పొద్దున్నే దీని మీది మంచు ఊడ్చేవారు" అంది. "మీరు కూర్చునే వైపు ఊడిస్తే చాలదా, రెండో వైపు కూడా ఎందుకు అని అడిగితే, ఎడమవైపు మసుజి కూర్చుంటాడు అనేవారు. రాడు లెండి అంటే కోప్పడేవారు."

బాబాయ్ నల్ల సూటులో, ఎడమవైపు కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. ముందుకే చూస్తూ, "అన్నయ్యా, రాయి నువ్వు చెప్పిన చోటే ఉంది. అబద్ధాలకోరు అన్నాను. తప్పు నాది" అన్నాడు. పిల్లాడిలా గట్టిగానే అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ విన్నారు. వినాల్సినవాడు లోపల పడుకుని ఉన్నాడు.

గాలికి మంచు చూరు కిందికి కొడుతోంది. నాకు ఏడుపాగలేదు. గోడకి ఆనించి ఉన్న పెదనాన్న చీపురు తీసుకుని కుడివైపు ఊడ్చాను. అలవాటు కొద్దీ "వెళ్ళి రండి" అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను.